బస్సెక్కే రోజు వేసుకోని మాత్ర

నాకు గుండెజబ్బు చేసి తేరుకున్నానని విన్నవాళ్ళందరూ అడిగే మొదటి మాట ఒకటే. "ఏ డాక్టరు సూసేడు?" మా ఊరి నర్సమ్మ చూసింది అంటే నవ్వుతారు. "నర్సమ్మా? సూదెయ్యడానికి తప్ప ఆవిడకేటి తెలుస్తాది?" అంటారు. ఆ నవ్వు చూసి చూసి ఒళ్ళు మండి ఇది రాస్తున్నాను. నేను బళ్ళో చదివింది ఐదో తరగతి. మిగతాదంతా గ్రంథాలయంలో బల్ల మీదా, మిల్లు గేటు దగ్గర పాత పేపర్లలోనూ నేర్చుకున్నదే. రాతలో తప్పులుంటే దిద్దుకోండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తాను. నాకు మరుపు తక్కువ. మా ఆవిడ దాన్ని నా రెండో జబ్బు అంటుంది.

మాది శ్రీముఖలింగానికి దగ్గర్లో, వంశధార ఒడ్డునున్న చిన్న ఊరు. వయసులో ఉండగా విజయనగరం వైపు ఒక జూట్ మిల్లులో కాటా దగ్గర పనిచేశాను. గోగునార బేళ్ళు, అంటే బిగించి కట్టిన మోపులు, తూచడం నా పని. ముప్పై ఏళ్ళ పైచిలుకు తూచాను. బేలు దించుతున్న కూలీ నడుం వంపు చూసి దాని బరువు చెప్పేవాణ్ణి. అంతటివాణ్ణి నా ఒంటి బరువు ఎప్పుడూ చూసుకోలేదు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

పోయిన ఏడాది జ్యేష్ఠంలో మొదలైంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఎండదెబ్బ అనుకున్నాను. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. చెప్పులు ముడుచుకుపోయాయని అమ్మినవాణ్ణి తిట్టాను. మధ్యాహ్నం అన్నం తిని వెల్లకిలా పడుకుంటే ఛాతీ మీద ఎవరో బేలు దించినట్టుండేది. లేచి కూర్చుంటే తగ్గేది. అప్పట్నుంచి గోడకి దిండు ఆనించుకుని కూర్చునే నిద్ర.

"ఇది ఎండ కాదు మావా. పద పట్నం," అంది మా ఆవిడ పైడితల్లి.

మా అబ్బాయి శ్రీను శ్రీకాకుళంలో మోటార్లకి తీగ చుట్టే షాపులో పని చేస్తాడు. వాడే వచ్చి ఆసుపత్రిలో చేర్పించాడు. దాని పేరు రాయను. నేను చెప్పబోయే తప్పు దాని ఒక్కదానిదే కాదు. తొమ్మిది రోజులుంచారు. గుండె బలం తగ్గింది, పంపు సరిగ్గా కొట్టడం లేదు, అందుకని ఒంట్లో నీరు చేరుతోంది అన్నారు. మాత్రలిచ్చారు. అందులో ఒకటి నీటి మాత్ర. పొద్దున్న అది వేసుకుంటే మధ్యాహ్నం దాకా పది నిమిషాలకోసారి దొడ్డివైపు పరుగే. ఉబ్బు తీసింది, ఊపిరి ఆడింది. పదిహేను రోజులకోసారి వచ్చి చూపించుకోవాలని రాసి పంపించారు.

ఇక్కడే అసలు కథ. చదివేవాళ్ళలో కాళ్ళుబ్బి బస్సెక్కేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ముక్క రెండుసార్లు చదవండి.

మా ఊరి నుంచి శ్రీకాకుళం బస్సులో రెండు గంటలు. ఆసుపత్రిలో చీటీ కోసం ఒక వరస, డాక్టరు కోసం ఇంకో వరస. మరుగుదొడ్డికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగితే ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. వరస వదిలి బయటికెళితే చోటు పోతుంది. నీటి మాత్ర మింగి నేనెక్కడికి పోవాలి? బస్సులో ఆడవాళ్ళ మధ్య పంచె తడుపుకోవాలా? అందుకని బస్సెక్కే రోజు ఆ మాత్ర మానేసేవాణ్ణి. తిరిగొచ్చేసరికి చీకటి పడేది, ఇంక అప్పుడేం వేసుకుంటాంలే అని వదిలేసేవాణ్ణి. ముందు రోజుది కూడా మానిపించేది మా ఆవిడ. "దాని పవరు మర్నాటికీ ఉంటాది, వద్దు మావా," అనేది.

అంటే ఏమైంది? పదిహేను రోజుల్లో పదమూడు రోజులు బాగున్న కాళ్ళు సరిగ్గా డాక్టరు చూసే రోజుకి ఉబ్బి ఉండేవి. ఆ డాక్టరు కుర్రది, మంచిదే. బయట వంద మంది. నా పాదం మీద వేలుతో నొక్కేది, గుంట పడేది. "ఇంకా నీరుంది. డోసు పెంచుతున్నాను," అనేది. మూడుసార్లు పెంచింది. "ఇవాళ మాత్ర వేసుకున్నావా?" అని ఒక్కసారీ అడగలేదు. నేనూ చెప్పలేదు. మనవరాలి వయసు పిల్లకి నేను ఉచ్చ ఆపుకోలేనని ఎలా చెప్పను? మిల్లులో మేనేజరు మొహం మీద కాటా తప్పని చెప్పినవాణ్ణి. ఈ మాట మాత్రం గొంతు దాటలేదు.

ఆ వరసల్లో మంచి లేదని కాదు. ఒకరోజు కూర్చోవడానికి బల్ల మీద చోటు లేక గోడకి జారగిలబడ్డాను. టెక్కలి వైపు నుంచి వచ్చిన కూలీ మనిషి ఒకావిడ నా చెప్పులు తీసి వరసలో నా చోట పెట్టింది. "ఎల్లి నీడన కూకో బావూ. నీ చెప్పులు నాను సూసుకుంటాను. ముందుకి జరిగితే ఆటినీ జరుపుతాను," అంది. రెండు గంటలు తన మొగుడి ఎక్స్‌రే కవరొక చేత్తో, నా చెప్పులొక చేత్తో జరుపుకుంటూ పోయింది. ఆవిడ పేరు అడగలేదు. అది నా తప్పు.

పెంచిన మాత్ర ఇంటి దగ్గర పదమూడు రోజులు వేసుకుంటే ఏమవుతుంది? ఒంట్లో ఉండాల్సిన నీరు కూడా పోయింది. శ్రావణంలో గుప్తగారి కిరాణా కొట్టు ముందు కళ్ళు తిరిగి పడ్డాను. గడ్డం పగిలింది. కోపమొచ్చి మాత్రలన్నీ ఒక్కసారి మానేశాను. భాద్రపదం వచ్చేసరికి తొడల దాకా నీరు. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ పదకొండు రోజులు.

ఈసారి ఇంట్లో గొడవ పుట్టింది. శ్రీను పనికి పోక షాపులో మాట పడ్డాడు. మంచం పక్కన నిలబడి అరిచాడు.

"నాన్నా, నీకు మందులు ఏసుకోడానికేటి బాధ? మింగడానికి నోరు నేదా?"

"నాకు సెప్పకు. నువ్వు పుట్టకముందు నుంచి మందులు సూసినోణ్ణి."

"సూస్తే సరిపోదు. మింగాల!"

పైడితల్లి మధ్యలోకి వచ్చి, "మీ ఇద్దరూ అరుసుకోండి, నాను ముఖలింగంలో కూకుని బిచ్చమెత్తుకుంటాను," అంది. పక్క మంచం ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే కాసేపటి ముందు తెర అవతల పెద్ద డాక్టరు శ్రీనుతో అన్న మాట నా చెవిన పడింది. "రెండోసారికే గుండె బాగా నీరసించింది. మూడోసారి ఇలా తీసుకొస్తే మేం మాటివ్వలేం." మూడోసారి ఆ మంచం ఎక్కకూడదు. అప్పట్నుంచి నా బతుకంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

ఆశ్వయుజంలో మా ఊరి ఆరోగ్య కేంద్రానికి కొత్త నర్సమ్మ వచ్చింది. పేరు కరుణ. బాప్టిస్టు చర్చి వాళ్ళమ్మాయి, నర్సింగులో డిగ్రీ చదివింది, పైన ఇంకేదో ట్రైనింగు కూడా అయింది. డిశ్చార్జి కాగితాల్లో నా పేరు చూసి, నన్ను పిలిపించకుండా తనే మా ఇంటికొచ్చింది. నేను లేవలేదు. చిన్నప్పుడు ఊరికి కాంపౌండరు వచ్చేవాడు, అందరికీ ఒకటే రంగు నీళ్ళిచ్చేవాడు. ఈవిడా ఆ బాపతే అనుకున్నాను.

"తాతగారూ, రోజూ పొద్దున్న బరువు చూసుకోవాలి. నీరు చేరితే కాలికంటే ముందు కాటాకి తెలుస్తుంది," అంది.

కాటా గురించి నాకు చెబుతోంది! మర్నాడు గుప్తగారి కొట్లో ఇరవై కేజీల ఇనప తూనికరాయి అడిగి, రిక్షా బండి మీద వేయించుకుని కేంద్రానికి పట్టుకెళ్ళాను. రాయి మిషను మీద పెట్టించాను. మూడు వందల గ్రాములు ఎక్కువ చూపించింది.

"సూసేవా? నీ కాటా దొంగది."

ఆ పిల్ల కోపగించుకోలేదు.  "పోనీ ఎక్కువే చూపించనీండి తాతగారూ. రోజూ అదే మిషను, అదే పొద్దు, అదే పంచె. మనకి కావాల్సింది నిన్నటికీ ఇవాళ్టికీ తేడా."

సరిగ్గా ఇదే మాట నేను మిల్లులో కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేవాణ్ణి. నోరు మూసుకుని మిషనెక్కాను. నోటుబుక్కు ఒకటి ఇచ్చింది. రోజూ పొద్దున్న కేంద్రం మిషను మీద బరువు, వేసుకున్న మాత్రలు, పాదాల ఉబ్బు అందులో రాయాలి. మంగళవారం మంగళవారం తను చూస్తుంది. గుండెజబ్బు వాళ్ళం ఊళ్ళో ఏడుగురం, మా అందరికీ ఆ రోజే. బల్ల మీద కూర్చోబెట్టి ఒక్కొక్కరితో అరగంట మాట్లాడేది. అవసరమైతే అక్కడినుంచే ఆసుపత్రి పెద్ద డాక్టరుకి ఫోను చేసి, ఆయన చెప్పింది మాకు తెలుగులో చెప్పేది. తన సొంతంగా ఒక్క మాత్ర మార్చలేదు. మరేం చేసింది అని అడిగేవాళ్ళకి చెబుతున్నాను. అడిగింది. అంతే.

మూడో మంగళవారం నా పుస్తకం చూస్తూ ఆగింది.

"ఆసుపత్రికి వెళ్ళిన రోజు మాత్రల గడి ఖాళీగా ఉంది. రాయడం మరిచారా?"

"ఊఁ."

పుస్తకం మూసి కిటికీ వైపు చూస్తూ అంది: "నేనూ రోజూ బస్సులోనే వస్తాను తాతగారూ. రెండు బస్సులు మారాలి. దిగేదాకా ఎక్కడా ఏ ఏర్పాటూ ఉండదు. బస్సెక్కే ముందు నేను మంచినీళ్ళే తాగను."

నేనూ కిటికీ వైపే చూస్తూ మొత్తం చెప్పేశాను. బస్సు, వరస, తాళం, పంచె, ముందు రోజు కూడా మానేయడం, డోసు పెంచిన ప్రతిసారీ నోరు మెదపకపోవడం, కొట్టు ముందు పడిపోవడం. నాలుగు నెలలుగా గొంతులో అడ్డం పడ్డది ఐదు నిమిషాల్లో బయటికొచ్చింది. ఆ పిల్ల నవ్వలేదు, తిట్టలేదు. డాక్టరుకి ఫోను చేసి, "సార్, ఈయన అక్కడ చూపించుకోడానికి వచ్చిన ప్రతిసారీ రెండు రోజులుగా నీటి మాత్ర వేసుకోకుండా వచ్చారు," అంది. అవతలి నుంచే పెద్ద డాక్టరు డోసు తగ్గించారు. ఆసుపత్రి రోజు ఇంటికి చేరాక మాత్ర వేసుకోమన్నారు. ముందు రోజుది మానొద్దన్నారు. ఇంత చిన్న మాట కోసం రెండోసారి పదకొండు రోజులు ఆసుపత్రి మంచం మీద పడుకున్నాను. ఎవరి మీద అరవాలి? ఇవాళ్టికీ నాకు తెలీదు.

కార్తీకంలో కరుణ నా దగ్గర ఇంకొకటి పట్టుకుంది. దీని గురించి రాయడం నాకు కొంచెం నామోషీయే. మా ఆవిడ అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకుంది, నా గుండె నిలబడితే ప్రతి ఆదివారం ఇంట్లో ఉప్పు ముట్టమని. ఆ రోజు చప్పిడి కూడు. "దేవుడికి నా నాలుకతో ఏటి పని?" అని ప్రతి ఆదివారం గిన్నె తోసేసేవాణ్ణి. ఆకలేసి మళ్ళీ దగ్గరికి లాక్కునేవాణ్ణి.

కరుణ పుస్తకంలో అన్ని సోమవారాల పక్కనా చుక్కలు పెట్టింది. "ప్రతి సోమవారం మీ బరువు అర కేజీ తగ్గుతోంది. గురువారానికి మళ్ళీ ఎక్కుతోంది. ఆదివారం ఏం చేస్తున్నారు?"

నాతో కేంద్రానికి వచ్చిన పైడితల్లి గుమ్మంలోంచే, "ఆ రోజు నాను ఉప్పెయ్యనమ్మా!" అంది.

"మిగతా రోజులు?"

"ఉప్పు ఎప్పుడో మానేశాను," అన్నాను నేను. అబద్ధం కాదు, నిజంగానే అనుకున్నాను. కంచంలో ఉప్పు వేసుకోవడం మానేశాను కదా. కరుణ వేళ్ళు మడుస్తూ అడిగింది. ఎండు నెత్తళ్ళు? తింటాను. చోడంబలిలో, అదే రాగంబలిలో? ఒక ఉప్పు కల్లు, రుచికి. ఆవకాయ? అది లేకపోతే అన్నమేటి? అప్పడం? అది ఉప్పెలా అవుతుంది?

"తాతగారూ, మామ్మగారి ఆదివారాన్ని వారమంతా చెయ్యండి," అంది.

ఆ పూట ఇంటికి నడుస్తుంటే పైడితల్లి ముఖం చూడాలి. "ఏటి మావా, సూరీడికి నీ నాలుకతో పనున్నాదా నేదా?"  దేవుడి సంగతి నాకు తెలీదు. చుక్కలు మాత్రం కళ్ళతో చూశాను. మార్గశిరం నాటికి వెల్లకిలా పడుకుని మధ్యాహ్నం కునుకు తీశాను. లేచి చూస్తే మా ఆవిడ పక్కన కూర్చుని నా ఛాతీ వైపే చూస్తోంది. 

రథసప్తమి అయిన వారం మంగళవారం కేంద్రానికి వెళితే తాళం. కరుణని డెప్యుటేషను మీద ఇంకో చోటికి పంపారట, అక్కడ మనిషి తక్కువట. ఇక్కడ మనుషులు ఎక్కువయ్యారా? మేం ఏడుగురం తాళం ముందు కాసేపు నిలబడి ఇళ్ళకి పోయాం. మనవాళ్ళకి తాళం అలవాటే. నాకది ఇంకా మంట.

ఆ తర్వాత వారం మోకాలు పట్టేసింది. అడగడానికి మనిషి లేదు. మందుల షాపులో నొప్పి మాత్రలు తెచ్చుకుని నాలుగు రోజులు వేసుకున్నాను. పొద్దున్నే బరువు రాస్తూనే ఉన్నాను. కేంద్రానికి తాళం పడ్డాక గుప్తగారు కొట్టు మూలనున్న పాత మిషనొకటి నాకిచ్చారు. యాభై ఎనిమిది. మర్నాడు యాభై ఎనిమిదిన్నర. మూడో రోజు యాభై తొమ్మిది దాటింది. నాలుగో రోజు అరవై. పాదాలు ఇంకా ఉబ్బలేదు, ఆయాసమూ లేదు. పాత రోజులైతే ఇంకో పది రోజులు ఇంట్లోనే కూర్చునేవాణ్ణి. పుస్తకం అట్ట లోపల కరుణ రాసిన మూడు వాక్యాలు చదివాను. "మూడు రోజుల్లో రెండు కేజీలు పెరిగితే ఆగొద్దు, ఆసుపత్రికి వెళ్ళండి. నొప్పి మాత్రలు అడక్కుండా వేసుకోవద్దు, అవి ఒంట్లో నీరు ఆపుతాయి. ఈ పుస్తకం డాక్టరుకి చూపించండి." రెండో వాక్యం నేను ముందు చదవాల్సింది.

మూడోసారి. ఆ మాటే చెవిలో మోగింది. శ్రీనుకి ఫోను చేస్తే ఒక్క మాట అనకుండా వచ్చాడు. నీటి మాత్ర వేసుకునే బయల్దేరాను. బస్సులో కాదు, వాడి స్నేహితుడి ఆటోలో, దారిలో నాలుగు చోట్ల ఆపుకుంటూ. ప్రతి చోటా శ్రీను తువ్వాలు అడ్డం పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కసారి అన్నాడు, "ముందే సెప్పొచ్చు కదా నాన్నా." అంతే. అంతకంటే అక్కర్లేదు కూడా.

ఆ కుర్ర డాక్టరు నా పాదం నొక్కబోతుంటే పుస్తకం ముందు పెట్టాను. పేజీలు తిప్పింది. వెనక్కి తిప్పింది. చుక్కలు చూసింది. "ఇది ఎవరు రాయించారు?"

"మా ఊరి సిస్టరమ్మ."

"చాలా ముందుగా వచ్చారు. చేరక్కర్లేదు," అంది. నొప్పి మాత్రలు ఆపించింది, నాలుగు రోజుల పాటు డోసు మార్చింది. మందుల చీటీ మీద మూడు మందులు రాసి, నాలుగో వరసలో రాసింది: వారానికోసారి నర్సు చూడాలి.

మెచ్చుకున్నందుకు సంతోషించాలా? నాకు ఒళ్ళు మండింది. ఏ నర్సు? తాళం చూస్తుందా నన్ను? ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని, బరువు యాభై ఎనిమిదికి దిగాక, సోమవారం అర్జీలు తీసుకునే చోటికి వెళ్ళాను. మళ్ళీ వరస. ఈసారి నా చెప్పులు నేనే జరుపుకున్నాను.

ఆఫీసరుగారు చీటీ చూసి, "ఏ మందు దొరకడం లేదు పెద్దాయనా?" అన్నారు.

"నాలుగోది బాబూ."

చదివి నవ్వారు. "ఇది మందు కాదు కదా."

"మందుల కాగితం మీదే రాసేరు బాబూ. మూడు షాపులో దొరికేయి. నాలుగోదానికి తాళం ఏసున్నాది. ఇది సూడండి," అని పుస్తకం ఇచ్చాను. "ఆవిడున్నప్పుడు నా బరువు, ఆవిడ నేనప్పుడు నా బరువు. ముప్పై ఏళ్ళు కాటా దగ్గర పన్జేసినోణ్ణి, అంకె తప్పు రాయను."

ఆయన నవ్వు ఆపారు. పుస్తకం ఎంత చూశారో తెలీదు గానీ రసీదు ఇచ్చారు. చైత్రంలో ఉత్తర్వు వచ్చింది. మంగళవారం ఒక్కరోజు, మూడు నెలల వరకు, కరుణ మా ఊరికి వస్తుంది. ఆ తర్వాత సంగతి చూస్తారట. వారంలో ఒక్క రోజు. గుండె మిగతా ఆరు రోజులు కొట్టుకోదనుకున్నారేమో.

తిరిగొచ్చిన మొదటి మంగళవారం ఆ పిల్ల నన్ను చూసి బాగున్నారా అనలేదు. పుస్తకం తీసుకుని, నొప్పి మాత్రల పేజీ దగ్గర వేలు పెట్టి నా మొహంలోకి చూసింది. నేను తల దించుకున్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నన్ను చూసి ఎవరైనా నవ్వితే ఊరుకోను గానీ, ఆ రోజు ఊరుకున్నాను.

మూడు నెలల్లో రెండు అయిపోయాయి. రెండో అర్జీ రాసి పెట్టుకున్నాను, మిగతా ఆరుగురి చేతా వేలిముద్రలు, సంతకాలు పెట్టించాను. ఇవాళ మంగళవారం. పొద్దున్న బరువు యాభై ఏడు కేజీల ఎనిమిది వందలు. మాత్ర వేసుకున్నాను. పాదాలు ఉబ్బలేదు. ఇప్పుడు వెళ్ళి కేంద్రం తలుపు తీసి ఉందో లేదో చూసి రావాలి.